చిన్న వ్యాపారాలకు భీమా ఎంపిక - కర్నూలు, కడప ప్రాంతం

చిన్న వ్యాపార భీమా అనగా దుకాణము, గిడ్డంగి, మిల్లు, మగ్గము, రాతి యూనిట్ వంటి చిన్న వ్యాపార సంస్థలకు అగ్ని, వరద, దొంగతనము, పనివారికి జరిగే ప్రమాదము మొదలైన వాటి వలన కలుగు నష్టమును, ముందుగా చెల్లించిన ప్రీమియంకు ప్రతిగా, భీమా సంస్థ భరించుటకు చేసుకొను ఒప్పందము. భీమా అనే మాట పారసీక భాష నుండి తెలుగులోకి వచ్చినది. ఇది ఒకే పాలసీ కాదు. అనేక పాలసీలలో తన వ్యాపారమునకు తగినవి ఏరుకొనవలసి ఉంటుంది. రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ ఎంపిక ఏ విధముగా జరగవలెనో ఈ వ్యాసం వివరిస్తుంది. కర్నూలు, కడప అన్న మాటలు ఇందులో 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలకు వాడబడినవి.

కరువు సీమలో వరద

రాయలసీమ అనగానే వర్షాభావము, ఎండిన చెరువులు గుర్తుకు వస్తాయి. అందువలన ఇక్కడి వర్తకులు చాలాకాలము అగ్ని ప్రమాదము, దొంగతనము అను రెండింటినే భయపడదగినవిగా భావించినారు. వరద భీమా కోస్తా వారికి అవసరమైనది అని ఒక అభిప్రాయము ఉండేది. 2009 అక్టోబరు 2న ఈ అభిప్రాయము తప్పని తేలినది. తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి, దిగువన శ్రీశైలం జలాశయము నిండిపోవుటతో కర్నూలు నగరములో అధిక భాగము నీట మునిగినది. 19 లక్షల క్యూసెక్కుల ప్రవాహమును దృష్టిలో ఉంచుకొని నిర్మించిన శ్రీశైలం ఆనకట్టకు ఆ సమయములో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినది. మంత్రాలయము కూడా మునిగినది. దుకాణాలలోని బట్టలు, ధాన్యము, ఎరువులు, మందులు, ఖాతా పుస్తకాలు అన్నీ బురదలో కలిసిపోయినవి.

అప్పటికి వాడుకలో ఉన్న ప్రామాణిక అగ్ని మరియు ప్రత్యేక ఆపదల పాలసీలో ఒక వెసులుబాటు ఉండేది. తుఫాను, వరద, ముంపు అను ఆపదల వర్గమును వద్దనుకున్న వారు పాలసీ తీసుకొను సమయముననే దానిని తొలగింపజేసుకొని, ప్రీమియంలో కొంత తగ్గింపు పొందవచ్చును. వాన రాని ఊరిలో వరదకు డబ్బు కట్టుట దండుగ అని తోచుట సహజమే. కాని అట్లు తొలగించుకొన్న పాలసీ ముంపు వచ్చిన నాడు కాగితము మాత్రమే.

కడప నగరములో బుగ్గవంక వరద 2001లోను, నివర్ తుఫాను సమయమున 2020 నవంబరులోను ఇళ్ళను, దుకాణాలను ముంచినది. 2021 నవంబరు 19న చెయ్యేరు నదిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట ప్రాంతములోని పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట వంటి గ్రామాలు దెబ్బతిన్నవి. ఈ సంఘటనలను బట్టి తెలియవలసినది ఏమనగా, సగటు వర్షపాతము తక్కువగా ఉన్నంత మాత్రమున వరద ప్రమాదము తక్కువ కాదు. కర్నూలును ముంచు నీరు ఎగువన కర్ణాటకలో కూడ పడిన వాన వలన వస్తుంది. వాగులు ఏళ్ళ తరబడి ఎండి ఉండుట వలన వాటి గట్ల మీద, కొన్నిచోట్ల వాటి గర్భములోనే, కట్టడాలు వెలుస్తాయి. దుకాణము ఏ వీధిలో ఉన్నదో, నేలమట్టము ఎంతో, 2009లో నీరు ఎంత ఎత్తు వచ్చినదో తెలుసుకొనుట భీమా ఎంపికలో మొదటి పని.

ప్రాథమిక పాలసీలు

భారతదేశములో సాధారణ భీమా వ్యాపారము 1973 జనవరి 1 నుండి జాతీయము చేయబడి, న్యూ ఇండియా, ఓరియంటల్, నేషనల్, యునైటెడ్ ఇండియా అను నాలుగు సంస్థల ద్వారా నడిచినది. 1999 నాటి చట్టముతో నియంత్రణ సంస్థ ఏర్పడి, ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించినది. ఐ.ఆర్.డి.ఎ.ఐ. అని పిలువబడు ఈ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదులో ఉన్నది. 2007 జనవరి 1 వరకు అగ్ని భీమా రేట్లు దేశమంతటా ఒకే పట్టిక ప్రకారము ఉండేవి. ఆ తరువాత సంస్థలు తమ రేట్లను తామే నిర్ణయించుకొనుచున్నవి. కావున ఒకే దుకాణమునకు రెండు మూడు సంస్థల నుండి ధర అడిగి చూచుట నేడు ఉపయోగకరము.

2021 ఏప్రిల్ 1 నుండి చిన్న వ్యాపారాల కొరకు రెండు ప్రామాణిక పాలసీలు అమలులోకి వచ్చినవి. ఒక స్థలములో ఉన్న కట్టడము, యంత్రాలు, సరుకు మొత్తము విలువ 5 కోట్ల రూపాయల వరకు ఉన్నచో భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా వర్తిస్తుంది. 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు ఉన్నచో భారత్ లఘు ఉద్యమ్ సురక్షా వర్తిస్తుంది. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. సూక్ష్మ, చిన్న తరహా సంస్థలు అనే మాటలకు 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టము క్రింద వేరే కొలతలు ఉన్నవి. 2025 ఏప్రిల్ 1 నుండి సూక్ష్మ సంస్థ అనగా పెట్టుబడి రెండున్నర కోట్లు, వార్షిక టర్నోవరు 10 కోట్లు మించనిది. భీమా పాలసీకి ఈ కొలతతో సంబంధము లేదు. అక్కడ చూచునది ఆపదకు గురికాగల ఆస్తి విలువ మాత్రమే.

ఈ పాలసీలలో అగ్ని, పిడుగు, పేలుడు, భూకంపము, తుఫాను, వరద, ముంపు, నేల కుంగుట, కొండచరియలు విరిగిపడుట, వాహనములు ఢీకొనుట, అల్లర్లు, సమ్మెలు, ఉగ్రవాద చర్యలు, నీటి ట్యాంకు పగులుట మొదలైనవి చేరి ఉన్నవి. వరద విడిగా కొనుక్కొనవలసినది కాదు, అందులోనే ఉన్నది. ఇది 2009 అనుభవము తరువాత చూచినపుడు పెద్ద మార్పే. అయితే ఇందులో దొంగతనము పరిమితము. పాలసీలో చెప్పిన ఆపద ఏదైనా జరిగిన తరువాత 7 రోజులలోపు, దాని మూలముగా జరిగిన దొంగతనము మాత్రమే వర్తిస్తుంది. వరదకు తలుపు పోయిన దుకాణములో మరునాడు సరుకు పోయినచో పరిహారము వస్తుంది. మామూలు రాత్రి తాళము పగులగొట్టి ఎత్తుకుపోయినచో రాదు. దానికి బర్గ్లరీ పాలసీ విడిగా ఉండవలెను.

బర్గ్లరీ పాలసీకి కూడా ఒక షరతు ఉన్నది. లోనికి బలవంతముగా ప్రవేశించినట్లు ఆనవాలు ఉండవలెను. పగటిపూట కొనుగోలుదారునివలె వచ్చి సరుకు సంచిలో వేసుకొనిపోయినచో అది దొంగతనమే కాని బర్గ్లరీ కాదు. 2004లో యునైటెడ్ ఇండియా, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము ఈ సంగతినే తేల్చినది. పాలసీలో బలప్రయోగము అని వ్రాసి ఉన్నపుడు బలప్రయోగము లేని దొంగతనమునకు పరిహారము లేదని తీర్పు చెప్పినది.

కిరాణా, మందుల, బట్టల దుకాణముల వంటి వాటికి షాప్‌కీపర్స్ పాలసీ అను సమగ్ర పాలసీ దొరుకుతుంది. ఇందులో అగ్ని, బర్గ్లరీ, బ్యాంకుకు తీసుకొనిపోవు నగదు, అద్దములు, పనివాని అవిశ్వాసము, యజమాని వ్యక్తిగత ప్రమాదము వంటివి విభాగములుగా ఉంటాయి. వాటిలో కావలసినవి ఎంచుకొనవచ్చును. అద్దాల ముందుభాగము లేని దుకాణానికి అద్దముల విభాగము తీసుకొనుట వంటివి ఏజెంట్ల తొందరలో జరుగుచుంటాయి.

ఎంత మొత్తమునకు భీమా చేయవలెను

ఈ విషయములో జరుగు తప్పు వలన కలుగు నష్టము మరి దేని వలనను కలుగదు. సరుకు విలువ 20 లక్షలు ఉండగా, ప్రీమియం కలిసి వస్తుందని 10 లక్షలకే భీమా చేసిన వర్తకుని ఉదాహరణగా తీసుకొనవచ్చును. వరదలో 8 లక్షల సరుకు పాడైనది. భీమా 10 లక్షలకు ఉన్నది కనుక 8 లక్షలూ వస్తాయని అతడు అనుకుంటాడు. కాని సరుకులో సగమునకే భీమా చేసినాడు కనుక, మిగిలిన సగమునకు తానే భీమాదారుడుగా లెక్కించబడి, 4 లక్షలు మాత్రమే వస్తాయి. దీనిని సగటు నిబంధన అంటారు.

సూక్ష్మ, లఘు ఉద్యమ్ పాలసీలలో ఈ నిబంధన కొంత సడలించబడినది. తరుగు 15 శాతమునకు మించనిచో దానిని లెక్కలోనికి తీసుకొనరు. పై ఉదాహరణలో అతడు 17 లక్షలకు భీమా చేసి ఉన్నచో 8 లక్షల నష్టమునకు కోత ఉండదు. పాలసీలో వ్రాసిన మినహాయింపు మొత్తము మాత్రము పోతుంది.

సరుకు విలువ సంవత్సరమంతా ఒకేవిధముగా ఉండదు. ఆదోనిలో పత్తి కొనుగోళ్ళు సాగు నెలలలో జిన్నింగ్ మిల్లు ఆవరణములో ఉండు విలువకు, వేసవిలో ఉండు విలువకు పోలిక లేదు. మైదుకూరు, కడప ప్రాంతములో పసుపు, కర్నూలులో ఉల్లి, వేరుశనగ కూడా ఇంతే. సంవత్సరపు సగటును భీమా మొత్తముగా పెట్టినచో, సరుకు నిండుగా ఉన్న నెలలో ప్రమాదము జరిగినపుడు సగటు నిబంధన వర్తిస్తుంది. గరిష్ఠ విలువకు భీమా చేసి, నెల నెలా సరుకు వివరము తెలియజేసి, సంవత్సరాంతమున ప్రీమియం సర్దుబాటు పొందు డిక్లరేషన్ పద్ధతి ఇటువంటి వారి కొరకే ఉన్నది. రెండు మూడు గిడ్డంగులలో సరుకు మారుతూ ఉన్నపుడు వాటన్నింటికీ కలిపి ఒకే మొత్తమునకు ఫ్లోటర్ తీసుకొనవచ్చును. ఏ పద్ధతి అయిననూ ప్రతి గిడ్డంగి చిరునామా పాలసీలో ఉండవలెను. పాలసీలో లేని చోట ఉన్న సరుకుకు, అది ఎదురువీధి అయిననూ, భీమా లేనట్లే.

సరుకు విలువ అనగా అమ్మకపు ధర కాదు, వర్తకునికి పడిన ధర. రావలసిన లాభము ఇందులో చేరదు. యంత్రములకు, కట్టడములకు మాత్రము క్రొత్త దానికి నేడు అగు ఖర్చును ఆధారముగా తీసుకొనుట మేలు. పది సంవత్సరముల క్రింద కొన్న నూనె గానుగ యంత్రమునకు నాటి కొనుగోలు ధర వ్రాసినచో, దానిని తిరిగి నిలుపుటకు అది చాలదు.

బ్యాంకు ద్వారా చేసిన భీమా

సరుకు తనఖా మీద అప్పు ఇచ్చిన బ్యాంకులు భీమాను తప్పనిసరి చేస్తాయి. చాలామంది చిన్న వర్తకులకు భీమా అనగా బ్యాంకు వారు ఖాతా నుండి మినహాయించుకొను ఒక మొత్తము మాత్రమే. పాలసీ కాగితము చూచినవారు తక్కువ. ఇందులో మూడు చిక్కులు ఉన్నవి. భీమా తరచుగా అప్పు మొత్తము మేరకే ఉంటుంది. అప్పు 10 లక్షలు, సరుకు 20 లక్షలు అయినచో పైన చెప్పిన కోత పడుతుంది. పాలసీలోని బ్యాంకు నిబంధన వలన పరిహారము మొదట బ్యాంకుకే చేరుతుంది. గిడ్డంగి మార్చినపుడు వర్తకుడు బ్యాంకుకు చెప్పినను, భీమా సంస్థకు ఆ సంగతి చేరకపోవచ్చును.

మరొక సంగతి బయటకు చెప్పుకొనునది కాదు. అప్పు పరిమితి నిలుపుకొనుటకై నెల నెలా బ్యాంకుకు ఇచ్చు సరుకు పట్టికలో ఉన్నదానికంటే ఎక్కువ చూపు అలవాటు కొందరికి ఉన్నది. ఆదాయపు పన్ను లెక్కలలో తక్కువ చూపు అలవాటు అంతకంటే పాతది. ప్రమాదము జరిగిన తరువాత సర్వేయరు ఈ రెండు పట్టికలనూ, జి.ఎస్.టి. రిటర్నులనూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. అవి కలవనపుడు నిజముగా నష్టపోయిన భాగము కూడా సందేహములో పడుతుంది.

వ్యాపారమును బట్టి ఎంపిక

ప్రొద్దుటూరు బంగారు ఆభరణముల వ్యాపారమునకు పేరు పొందినది. నగల వ్యాపారులకు జ్యువెలర్స్ బ్లాక్ అను ప్రత్యేక పాలసీ ఉన్నది. దుకాణములోని సరుకు, యజమాని లేదా ఉద్యోగి వద్ద ఉన్న సరుకు, రవాణాలోని సరుకు, దుకాణపు సామాను ఇందులో వేరువేరు విభాగములు. చదువవలసినది మినహాయింపుల భాగము. వ్యాపార వేళ ముగిసిన తరువాత ఇనుప పెట్టెలో పెట్టక బయట ఉంచిన నగలకు, ప్రదర్శన అద్దములో రాత్రి వదలిన నగలకు సాధారణముగా పరిహారము లేదు. పని కొరకు అప్పగించిన బంగారమును కంసాలి ఎత్తుకుపోయినచో అదీ మినహాయింపే. ప్రొద్దుటూరు వంటి పట్టణములో బంగారము రోజూ చేతులు మారుతూ ఉండుట వలన ఈ మినహాయింపు చిన్నది కాదు. న్యూ ఇండియా, అభిలాష్ జ్యువెలరీ వ్యాజ్యములో 2009లో సర్వోన్నత న్యాయస్థానము, సరుకు అప్రెంటిస్ వద్ద ఉండగా పోయినదని, అతడు పాలసీ అర్థములో ఉద్యోగి కాడని చెప్పి, వ్యాపారి కోరికను త్రోసిపుచ్చినది. నగలు ఎవరి చేతికి ఇచ్చి పంపుచున్నామో వారి పేరు జీతపు పుస్తకములో ఉన్నదా అన్నది భీమాకు సంబంధించిన ప్రశ్నయే.

బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతముల నాపరాతి యూనిట్ల సంగతి ఇందుకు భిన్నము. రాయి కాలదు, నీటికి పాడవదు. అక్కడ అగ్ని భీమా రెండవ స్థానములో ఉండవలసినది. మొదటి స్థానము పనివారిది. కోత యంత్రము వద్ద వ్రేళ్ళు తెగుట, బండలు మీద పడుట, రాతి ధూళి వలన ఊపిరితిత్తులు చెడుట అక్కడి ప్రమాదములు. ధూళి వలన వచ్చు సిలికోసిస్‌ను చట్టము వృత్తి సంబంధ వ్యాధిగా గుర్తించినది.

పనివారి పరిహారమునకు 1923 నాటి చట్టము, రాజ్య భీమాకు 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టము చాలాకాలము ఆధారములుగా ఉండినవి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020లో ఇవి కలిసిపోయినవి. ఇ.ఎస్.ఐ. పరిధిలోనికి వచ్చు సంస్థలో పనిలో గాయపడిన చందాదారునికి ఆ వ్యవస్థయే వైద్యము, నగదు సహాయము ఇస్తుంది. పదిమంది కంటే తక్కువ పనివారు ఉన్న యూనిట్లు సాధారణముగా ఆ పరిధి వెలుపల ఉంటాయి. అక్కడ పరిహార బాధ్యత యజమానిది. మరణము సంభవించినచో నెల వేతనములో సగమును, వయస్సును బట్టి నిర్ణయించిన గుణకముతో హెచ్చవేసి చెల్లించవలెను. పడుచువాడు మరణించినచో ఈ మొత్తము లక్షలలో ఉంటుంది. ఆరుగురితో నడుచు ఒక పాలిష్ యూనిట్ అమ్మినను రాని మొత్తము కావచ్చును. ఈ బాధ్యతను ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ భరిస్తుంది. వేతనములు తక్కువగా చూపి ప్రీమియం మిగుల్చుకొనుట, పనివారి సంఖ్య తగ్గించి చెప్పుట ఇక్కడ కూడా ఎదురు తిరుగుతాయి. ప్రధానమంత్రి సురక్షా భీమా యోజన వంటి పథకములు సంవత్సరమునకు 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద భీమా ఇస్తాయి. అవి పనివాని కుటుంబమునకు మేలే కాని, యజమాని బాధ్యతను తీర్చవు.

రాతి యూనిట్లకు, నూనె మిల్లులకు యంత్రము లోపలి చెడుగు వలన ఆగిపోవుట మరొక నష్టము. మోటారు కాలిపోవుట, షాఫ్ట్ విరుగుట అగ్ని పాలసీలో చేరవు. వాటికి మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ కావలెను. వేసవిలో కరెంటు ఒడిదుడుకులు ఎక్కువగా ఉండు చోట్ల ఇది ఆలోచించదగినది.

పత్తి, పసుపు, పిండి చెక్క వంటి సరుకులకు తమంతట తామే వేడెక్కి అంటుకొను గుణము ఉన్నది. పాత ప్రామాణిక పాలసీలో ఇటువంటి దహనము మినహాయించబడి, అదనపు ప్రీమియంతో మాత్రమే చేరేది. నేడు పాలసీ తీసుకొనువారు అగ్ని అను మాటకు ఇచ్చిన వివరణలో ఈ సంగతి ఉన్నదో లేదో చూచుకొనవలెను. సరుకు పత్తి అయి ఉండగా ప్రతిపాదన పత్రములో సాధారణ గిడ్డంగి అని వ్రాయించుట మంచిది కాదు. భీమా పరస్పర విశ్వాసము మీద నడుచు ఒప్పందము. దాచిన సంగతి బయటపడినపుడు పాలసీయే నిలువదు.

ఎమ్మిగనూరు, జమ్మలమడుగు, మాధవరము వంటి చోట్ల చేనేతవారి ఇల్లే కర్మాగారము. గుంట మగ్గములోనికి నీరు చేరినచో పడుగు అంతా చెడుతుంది. ఇంటి కొరకు ఉన్న భారత్ గృహ రక్షా పాలసీ మగ్గమునకు, నూలుకు వర్తించదు, ఎందుకనగా అవి వ్యాపార వస్తువులు. నేతవారికి ప్రభుత్వములు అమలు చేసిన జీవిత, ప్రమాద భీమా పథకములు మనిషికే కాని మగ్గమునకు కావు. పెట్టుబడిదారు ఇచ్చిన నూలు, పట్టు నేతవాని ఇంట ఉన్నపుడు, ఆ ఇండ్లు పెట్టుబడిదారు పాలసీలో స్థలములుగా లేనిచో నష్టము ఎవరిదన్నది తగవుగా మారుతుంది. సాధారణముగా ఆ తగవులో ఓడునది నేతవాడే.

రవాణాలోని సరుకుకు ఉన్న పాలసీని మెరైన్ అంటారు. సముద్రము లేని సీమలో ఈ పేరు వింతగా తోచినను లారీలో పోవు సరుకుకు ఇదే వర్తిస్తుంది. దీనిలో ఎ, బి, సి అను మూడు తరగతుల నిబంధనలు ఉన్నవి. సి లో అగ్ని, పిడుగు మాత్రమే. బి లో వాటితోపాటు లారీ ఢీకొనుట, బోల్తాపడుట, వంతెన కూలుట చేరుతాయి. ఎక్కించి దింపునపుడు కడప రాయి పగిలినచో ఎ తరగతిలోనే పరిహారమునకు అవకాశము ఉన్నది.

సొంత వాహనము ఉన్నవారికి మూడవ పక్ష భీమా 1988 నాటి మోటారు వాహన చట్టము ప్రకారము తప్పనిసరి. సరుకు వాహనముపై దారిలో ఎక్కించుకొన్న ఊరివారికి అది వర్తించదు. 2004లో బల్జీత్ కౌర్ వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము ఈ మాట స్పష్టము చేసినది.

భీమా లేని నష్టములు

రాయలసీమ వర్తకుని అసలు భయము వరద కాదు, వాన రాకపోవుట. వాన రానిచో విత్తనము, ఎరువు అప్పుగా తీసుకొన్న రైతు తీర్చలేడు, పండుగకు బట్టలు అమ్ముడుపోవు, గానుగకు వేరుశనగ రాదు. ఈ నష్టమునకు పైన చెప్పిన పాలసీలలో ఏదియు వర్తించదు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ భీమా యోజన రైతు పంటకే కాని వర్తకుని బాకీకి కాదు. బాకీలకు ట్రేడ్ క్రెడిట్ భీమా అనునది ఉన్నప్పటికిని, అది జాబితా, పత్రములు ఉన్న సంస్థల మధ్య అరువుకు ఉద్దేశించినది. నోటిమాట మీద నడుచు పల్లె అరువుకు పనికిరాదు. ఈ నష్టమును నిల్వధనము ఉంచుకొనుట, అరువుకు హద్దు పెట్టుట వంటి పద్ధతులతోనే ఎదుర్కొనవలెను.

దుకాణము మూతపడిన దినముల ఆదాయము వేరే సంగతి. 2009లో బురద ఎత్తిపోసి, గోడలు ఆరి, సరుకు తెచ్చి అమ్మకము మొదలుపెట్టువరకు అద్దె, జీతములు, వడ్డీ ఆగలేదు. వ్యాపార అంతరాయ భీమా ఈ నష్టమును భరిస్తుంది. కాని అగ్ని పాలసీ క్రింద అంగీకరించబడిన భౌతిక నష్టము ఉన్నపుడే. ఎదురు వీధి మునిగి తన దుకాణము మునుగనిచో, కొనువారు రాకపోయినను సాధారణముగా పరిహారము లేదు.

ప్రీమియం, గడువు

1938 నాటి భీమా చట్టములోని 64వి.బి. సెక్షను ప్రకారము ప్రీమియం ముందుగా చేరనిదే భీమా సంస్థకు బాధ్యత మొదలుకాదు. జీవిత భీమాలో వలె అగ్ని పాలసీకి గడువు తరువాత అదనపు దినములు ఉండవు. అర్ధరాత్రితో ముగిసినచో ముగిసినట్లే. వరద హెచ్చరిక వెలువడిన తరువాత క్రొత్తగా భీమా కోరువారిని సంస్థలు సాధారణముగా అంగీకరించవు. వ్యాపార భీమా ప్రీమియంపై 18 శాతము జి.ఎస్.టి. ఉన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి తొలగించిన పన్ను వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలదే.

నష్టము జరిగిన తరువాత

నష్టము తెలిసిన వెంటనే భీమా సంస్థకు తెలుపవలెను. దొంగతనమునకు పోలీసు ఫిర్యాదు, అగ్నికి అగ్నిమాపక శాఖ నివేదిక, వరదకు రెవెన్యూ అధికారి ధ్రువీకరణ ఉపయోగపడుతాయి. సర్వేయరు వచ్చువరకు పాడైన సరుకును పారవేయరాదు. వరదలో ఇది కష్టము. కుళ్ళిన ధాన్యమును వీధిలో ఉంచిన మునిసిపాలిటీ ఊరుకొనదు, ఉంచకపోయిన సాక్ష్యము పోతుంది. ప్రతి అరను, నీటి గుర్తును, బస్తాల లెక్కను తేదీతో ఫొటోలు, వీడియోలు తీసి, సంస్థకు వ్రాతపూర్వకముగా తెలిపి, కొంత నమూనా నిలుపుకొనుట మధ్యేమార్గము. మిగిలిన సరుకును కాపాడుట కూడా భీమాదారుని బాధ్యతయే. భీమా ఉన్నదని తడవని బస్తాలను నీటిలో వదలరాదు.

2009లో చాలామందికి ఖాతా పుస్తకములు కూడా పోయినవి. పోయిన సరుకును నిరూపించుటకు సరఫరాదారుల బిల్లు నకళ్ళు, బ్యాంకు పట్టికలు వెదకవలసి వచ్చు పరిస్థితి అది. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. రావడముతో కొనుగోలు వివరములు ప్రభుత్వ పోర్టలులో నిలుస్తున్నవి. పుస్తకము మునిగినను లెక్క మునుగదు. జి.ఎస్.టి. నమోదు లేని చిన్న దుకాణదారులు బిల్లులను నెలకొకసారి ఫొటో తీసి వేరేచోట ఉంచుకొనుట మంచిది.

2024లో నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశముల ప్రకారము సర్వేయరును 24 గంటలలో నియమించి, 15 దినములలో నివేదిక తెప్పించుకొని, ఆపై 7 దినములలో సంస్థ నిర్ణయము తెలుపవలెను.

వివాదములు

సంస్థ నిర్ణయము సమ్మతము కానిచో ముందుగా ఆ సంస్థ ఫిర్యాదు విభాగమునకు వ్రాయవలెను. ఒక నెలలో జవాబు రానిచో, లేదా వచ్చిన జవాబు తృప్తికరము కానిచో, ఒక సంవత్సరములోపు భీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కార్యాలయము హైదరాబాదులో ఉన్నది. ఏక యజమాని వ్యాపారములు, సూక్ష్మ సంస్థలు ఈ సౌకర్యమునకు అర్హములు. భాగస్వామ్య సంస్థ సూక్ష్మ సంస్థగా నమోదు కానిచో ఈ ద్వారము మూసి ఉన్నట్లే. ఉద్యమ్ నమోదు పత్రమును అప్పు కొరకే కాక దీని కొరకు కూడా భద్రపరచుకొనవలెను. అంబుడ్స్‌మన్ ఇప్పించగల మొత్తము 2023 నుండి 50 లక్షలు. ఇందుకు రుసుము లేదు, న్యాయవాది అవసరము లేదు.

వినియోగదారుల కమిషను మరొక మార్గము. వ్యాపారి వినియోగదారుడు కాడని భీమా సంస్థలు వాదించుట పరిపాటిగా ఉండేది. 2023లో నేషనల్ ఇన్సూరెన్స్, హర్సోలియా మోటార్స్ వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము ఈ వాదమును అంగీకరించలేదు. భీమా నష్టమును పూడ్చుకొనుటకే కాని లాభము సంపాదించుటకు కాదు కనుక, పాలసీ తీసుకొన్న వ్యాపార సంస్థ కూడా వినియోగదారుల చట్టము క్రింద ఫిర్యాదు చేయవచ్చునని తీర్పు ఇచ్చినది. కర్నూలు, కడపలలోని జిల్లా వినియోగదారుల కమిషన్లలో వర్తకులు ఈ తీర్పును ఆధారముగా చూపవచ్చును.